అలర్జీకి ఏ మాత్ర? హిస్టమిన్‌ను అడ్డుకునే మందుల మధ్య ఎంపిక

తుమ్ములు ఆగకపోయినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, కళ్ళు దురదపెట్టినా చాలామంది మొదట అడిగేది ఒక్కటే: వీటిలో ఏ మాత్ర గట్టిగా పనిచేస్తుంది? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం కష్టం. సరైన మోతాదులో వాడినప్పుడు కొత్త తరం అలర్జీ మాత్రలన్నీ దురదనూ తుమ్ములనూ ఇంచుమించు ఒకే స్థాయిలో అదుపు చేస్తాయి. వాటి మధ్య అసలు తేడాలు వేరేచోట ఉన్నాయి. మందు మెదడులోకి ఎంత చేరుతుంది, ఒంట్లోంచి ఏ దారిన బయటికి పోతుంది, ఏ ఆహారంతోనూ ఏ ఇతర మందుతోనూ పొసగదు అన్న మూడు విషయాలే ఒక మాత్రను ఒకరికి హాయిగానూ మరొకరికి ఇబ్బందిగానూ చేస్తాయి. అందుకే ఈ వ్యాసంలో బలాబలాల లెక్కకన్నా, ఎవరి అవసరానికి ఏది సరిపోతుందన్న దానికే ఎక్కువ చోటిచ్చాను. ఇందులో చెప్పిన మోతాదులు ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి మామూలుగా వాడేవి. ఇతర జబ్బులున్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్నచోట వైద్యుణ్ణి అడిగి తీరాలి.

## ముందుగా హిస్టమిన్ సంగతి

హిస్టమిన్ బయటినుంచి వచ్చిపడే విషం కాదు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరమే దీన్ని తయారు చేసుకుంటుంది. చర్మంలో, ముక్కు పొరల్లో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాలూ, రక్తంలో తిరిగే బేసోఫిల్ కణాలూ దీన్ని సూక్ష్మమైన రేణువుల్లో నింపి దాచుకుంటాయి. అలర్జీ ఉన్నవారికి పుప్పొడి వంటి పదార్థం తగలగానే, మాస్ట్ కణాల మీద అంటిపెట్టుకుని ఉన్న ఐజీఈ ప్రతిదేహాలు దాన్ని పట్టుకుంటాయి, ఆ వెంటనే కణం తనలోని రేణువులను కుమ్మరించేస్తుంది. మార్ఫిన్, వాంకోమైసిన్ వంటి కొన్ని మందులు ఐజీఈ ప్రమేయం లేకుండానే ఈ కణాలను నేరుగా కదిలించగలవు. ఆ మందులు ఎక్కించేటప్పుడు కొందరికి ఒళ్ళంతా ఎర్రబడి దురద పుట్టడానికి కారణం ఇదే.

బయటికొచ్చిన హిస్టమిన్ తనంతట తాను ఏమీ చేయదు. కణాల మీద తనకోసమే అమరి ఉన్న రిసెప్టర్లకు అతుక్కుంటేనే దాని ప్రభావం మొదలవుతుంది. ఇవి నాలుగు రకాలు. మొదటి రకమైన హెచ్1 రిసెప్టర్లు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, నాళాల గోడల్లోని కణాల మధ్య సందులు తెరుస్తాయి, ఆ సందుల్లోంచి నీరు కారి వాపు వస్తుంది, నరాల కొసలు ఉత్తేజితమై దురదా తుమ్ములూ పుడతాయి. రెండో రకమైన హెచ్2 రిసెప్టర్ల ముఖ్యమైన పని జీర్ణాశయంలో ఆమ్లాన్ని ఊరించడం. హెచ్3 ప్రధానంగా మెదడులో ఉంటుంది, హెచ్4 రోగనిరోధక కణాల మీద ఉంటుంది. ఈ చివరి రెండింటికీ మామూలు మందుల ఎంపికలో పాత్ర లేదు. హెచ్3 మీద పనిచేసే పిటోలిసాంట్ అనే మందును మాత్రం నార్కోలెప్సీ అనే అతినిద్ర జబ్బుకు వాడుతున్నారు.

మెదడు గురించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాతి ఎంపికంతా దాని మీదే ఆధారపడుతుంది. మనిషి మెదడులో హైపోథాలమస్ వెనుకభాగాన సుమారు 64 వేల నాడీకణాలు హిస్టమిన్‌ను తయారుచేస్తాయి. వాటి తంతువులు మెదడంతటా వ్యాపించి మనల్ని మెలకువగా, చురుగ్గా ఉంచుతాయి. చర్మం మీద దురద పుట్టించే పదార్థమూ మెదడులో మెలకువను నిలిపే పదార్థమూ ఒకటే, రెండుచోట్లా అది పనిచేసేదీ హెచ్1 మీదే. కనుక చర్మం కోసం వేసుకున్న మందు మెదడులోకి కూడా దూరితే నిద్ర ముంచుకొస్తుంది. అలర్జీ మాత్రల చరిత్రంతా ఈ ఒక్క చిక్కును విడదీసుకునే ప్రయత్నమే అనవచ్చు.

## ఎంపికకు కొలమానాలు

ఏ మాత్రనైనా కొనే ముందు ఈ కిందివి తేల్చుకోవాలి.

మొదటిది, బాధ ఎక్కడ ఉంది అన్నది. ముక్కుకో కంటికో పరిమితమైన అలర్జీకి ఒళ్ళంతా తిరిగే మాత్ర అవసరం లేకపోవచ్చు. ఛాతీలో మంటకు వాడేది పూర్తిగా వేరే జాతి మందు.

రెండోది మత్తు. ఇక్కడ చాలామంది పొరపాటుపడే విషయం ఒకటుంది. నిద్ర రావడమూ చురుకు తగ్గడమూ ఒకటి కావు. 2000లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో పాత తరం అలర్జీ మందు డైఫెన్‌హైడ్రమిన్, కొత్త తరం మందు ఫెక్సోఫెనడిన్, మద్యం, మందేమీ లేని ఖాళీ మాత్ర ఈ నాలుగింటినీ పోల్చి చూశారు. డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నవారు మద్యం తాగినప్పటికన్నా అధ్వానంగా బండి నడిపారు. ఫెక్సోఫెనడిన్ వేసుకున్నవారు ఖాళీ మాత్ర వేసుకున్నవారిలాగే నడిపారు. తమకు ఎంత మగతగా ఉందని వారు చెప్పుకున్నదానికీ, నిజంగా ఎలా నడిపారన్నదానికీ పొంతన కుదరలేదు. “నాకేం మత్తు రాదు, నాకు అలవాటే” అనే ధీమాను నమ్మలేమనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

మూడోది, మందు బయటికి పోయే దారి. కొన్ని మూత్రపిండాల ద్వారా, కొన్ని కాలేయంలో మారి, కొన్ని దాదాపు మారకుండానే మలంతో పోతాయి. ఏ అవయవం బలహీనంగా ఉందో ఆ దారిన పోయే మందు ఒంట్లో పేరుకుంటుంది.

నాలుగోది, ఇతర మందులతో, ఆహారంతో పొత్తు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదని నేర్పింది టెర్ఫెనడిన్ కథ. మత్తు లేని అలర్జీ మందుగా 1985లో అమెరికా మార్కెట్లోకి వచ్చి బాగా వాడుకలోకి పోయిన ఈ మందును కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్ వంటి మందులతో కలిపి వాడితే కాలేయం దాన్ని మార్చలేకపోయేది. అప్పుడు అది రక్తంలో పేరుకుని గుండె లయను ప్రమాదకరంగా తప్పించేది. 1998 నాటికి దాన్ని అక్కడ అమ్మకం నుంచి తీసేశారు. టెర్ఫెనడిన్ కాలేయంలో మారాక మిగిలే పదార్థమే ఫెక్సోఫెనడిన్. అలర్జీని తగ్గించే పని నిజానికి చేసేది అదేననీ, గుండెకు చేటు చేసేది మారకముందు రూపమేననీ తేలడంతో, ఆ పదార్థాన్నే విడిగా మందుగా తెచ్చారు.

వేగం, ఎంతసేపు పనిచేస్తుంది అన్నవి కూడా కొలమానాలే. అయితే రోజుకొక మాత్ర చాలే కొత్త మందుల మధ్య ఈ తేడా స్వల్పం.

## పాత తరం: మత్తు కలిగించేవి

ఫ్రాన్స్‌లో పనిచేసిన డానియెల్ బోవే బృందం 1937లో హిస్టమిన్‌ను అడ్డుకునే తొలి పదార్థాన్ని చూపింది. ఈ పనితో పాటు మరికొన్ని పరిశోధనలకు ఆయనకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దారిలో 1940ల నుంచి 1960ల తొలినాళ్ళ దాకా వచ్చిన క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్, సైప్రోహెప్టడిన్ వంటివే నేటికీ పాత తరంగా చెలామణిలో ఉన్నాయి.

ఈ మందుల చిక్కులు రెండు. కొవ్వులో కరిగే స్వభావం వల్ల ఇవి రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను సులువుగా దాటుతాయి. రెండోది, ఇవి హిస్టమిన్‌తో ఆగకుండా ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనాన్ని కూడా అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం బిగబట్టినట్టు ఆగిపోవడం, వృద్ధుల్లో మాట తడబడి మతి స్తిమితం తప్పడం అన్నీ ఈ రెండో గుణం ఫలితాలే. పైగా క్లోర్‌ఫెనిరమిన్‌ను 4 నుంచి 6 గంటలకోసారి 4 మిల్లీగ్రాముల చొప్పున వేసుకోమని చెబుతారు గానీ, పెద్దల ఒంట్లో అది సగానికి తగ్గడానికి 20 గంటలదాకా పట్టవచ్చు. రాత్రి వేసుకున్న మాత్ర మర్నాటి పొద్దునా పనిచేస్తూనే ఉంటుందన్నమాట.

రోజూ వచ్చే అలర్జీకి ఈ తరం మందును ఎంచుకోవడానికి నాకు ఒక్క మంచి కారణమూ కనబడదు. అయితే మెదడును చేరే గుణమే కొన్ని చోట్ల వీటికి విలువనిస్తుంది. ప్రయాణంలో వాంతులు రాకుండా చూడటానికి బయలుదేరే ముందు అరగంట నుంచి గంట వ్యవధిలో వేసుకునే ప్రోమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ ఈ జాతివే. కొత్త తరం మాత్రలు దీనికి పనికిరావు.

నిద్ర కోసం వీటిని వాడటం మాత్రం వేరే సంగతి. డైఫెన్‌హైడ్రమిన్ తెచ్చే మగతకు శరీరం కొద్ది రోజుల్లోనే అలవాటుపడుతుంది. ఎండిన నోరూ మలబద్ధకమూ మాత్రం అలాగే ఉండిపోతాయి.

## కొత్త తరం: అసలు పోలిక ఇక్కడే

1980ల నుంచి వచ్చిన మందులు మెదడు అడ్డుగోడను అంతగా దాటవు, దాటినవాటిని కూడా ఆ గోడలోని పి-గ్లైకోప్రోటీన్ అనే పంపు బయటికి నెట్టేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ జోలికి ఇవి దాదాపు పోవు.

| మందు | పెద్దల రోజు మోతాదు | మత్తు | బయటికి పోయే దారి | గుర్తుంచుకోవలసినది |
|---|---|---|---|---|
| సెటిరిజిన్ | 10 మి.గ్రా. | కొందరిలో ఉంటుంది | ఎక్కువగా మూత్రం | కిడ్నీ జబ్బులో మోతాదు తగ్గించాలి |
| లెవోసెటిరిజిన్ | 5 మి.గ్రా. | కొందరిలో ఉంటుంది | ఎక్కువగా మూత్రం | మామూలుగా సాయంత్రం వేసుకుంటారు |
| లోరటడిన్ | 10 మి.గ్రా. | తక్కువ | కాలేయంలో మారుతుంది | తీవ్ర కాలేయ జబ్బులో జాగ్రత్త |
| డెస్‌లోరటడిన్ | 5 మి.గ్రా. | తక్కువ | కాలేయంలో మారుతుంది | ఆహారంతో సంబంధం లేదు |
| ఫెక్సోఫెనడిన్ | 120 లేదా 180 మి.గ్రా. | దాదాపు లేదు | ఎక్కువగా మలం | పండ్ల రసంతో వేసుకోకూడదు |
| బిలాస్టిన్ | 20 మి.గ్రా. | దాదాపు లేదు | మలం, కొంత మూత్రం | ఖాళీ కడుపున |
| రుపటాడిన్ | 10 మి.గ్రా. | కొందరిలో ఉంటుంది | కాలేయంలో మారుతుంది | గ్రేప్‌ఫ్రూట్ రసం వద్దు |

పట్టికలో ఏడు పేర్లున్నా వంశాలు అన్ని లేవు. పాత తరానికి చెందిన హైడ్రాక్సిజిన్ ఒంట్లో మారాక తయారయ్యేది సెటిరిజిన్. సెటిరిజిన్‌లో కుడిచేయీ ఎడమచేయీలాగా ఒకదానికొకటి ప్రతిబింబాలైన రెండు రూపాలు కలిసి ఉంటాయి, వాటిలో ఎక్కువ పనిచేసే రూపాన్ని వేరుచేసి తీసిందే లెవోసెటిరిజిన్. అందుకే దాని మోతాదు సరిగ్గా సగం. లోరటడిన్ కాలేయంలో మారి డెస్‌లోరటడిన్ అవుతుంది. ఒకటి పనిచేయలేదని దాని తోబుట్టువుకు మారితే గొప్ప తేడాను ఆశించలేం. మారదలిస్తే వేరే వంశానికి మారడమే తెలివైన పని.

సెటిరిజిన్ జంటకు మంచి పేరుంది, అది న్యాయమైనదే. గంటలోపే దురద తగ్గడం మొదలవుతుంది, దద్దుర్ల మీద గట్టిగా పనిచేస్తుంది. కాని దీన్ని “మత్తు లేని మందు” అనడం సగం నిజమే. అమెరికా ఔషధ పత్రంలో ఇచ్చిన లెక్క ప్రకారం 10 మిల్లీగ్రాములు వేసుకున్నవారిలో 14 శాతం మంది మగతగా ఉందన్నారు, ఖాళీ మాత్ర వేసుకున్నవారిలో ఆ మాట అన్నది 6 శాతం. రాత్రిపూట దురదతో నిద్రపట్టనివారికి ఈ గుణం ఉపకారమే. పగలు యంత్రాల దగ్గర పనిచేసేవారికి మాత్రం ఇది సరికాదు.

ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు చేరదని మెదడు స్కానింగ్ పరిశోధనలు చూపాయి. వాహనాలు నడిపేవారికీ, పరీక్షలకు చదువుకునేవారికీ నేను మొదట సూచించేది ఇదే. దీనికున్న చిక్కు విచిత్రమైనది: ఆపిల్, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ రసాలు పేగులో దీన్ని లోపలికి తీసుకునే వాహకాలను అడ్డుకుంటాయి కాబట్టి, రసంతో మింగితే రక్తంలోకి చేరేది బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఎసిడిటీ మందులు కూడా ఇంతే. “ఈ మాత్ర నాకు పనిచేయదు” అనుకునేవారు, అది దేనితో మింగుతున్నారో ఒకసారి చూసుకోవడం మంచిది. నీళ్ళతో మింగాలి, ఎసిడిటీ మందుకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచాలి.

బిలాస్టిన్‌కు కూడా మెదడు విషయంలో అంతే మంచి పేరుంది. కాని ఆహారంతో తీసుకుంటే ఒంట్లోకి చేరేది సుమారు 30 శాతం తగ్గుతుంది, కనుక తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటల తరువాతో వేసుకోవాలి. వేళ తప్పకుండా ఉండగలవారికి ఇది చక్కటి మందు. ఎప్పుడు తింటారో తెలియని ఉద్యోగాల్లో ఉన్నవారికి లోరటడిన్ సుఖం, దాన్ని ఎప్పుడు వేసుకున్నా పెద్దగా తేడా రాదు, మత్తూ తక్కువే. ఫలితం కనబడటానికి మాత్రం సెటిరిజిన్ కన్నా కాస్త ఎక్కువ సమయం తీసుకోవచ్చు. రుపటాడిన్ హిస్టమిన్‌తో పాటు పీఏఎఫ్ అనే మరో వాపు రసాయనాన్నీ అడ్డుకుంటుందని ప్రత్యేకంగా చెబుతారు. సిద్ధాంతంగా అది ఆసక్తికరమే గాని, మామూలు తుమ్ములకు ఆ ఒక్క కారణంతో దాన్ని ఎంచుకోనవసరం లేదు.

ఏ మాత్రకైనా వర్తించే ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ మందులు హెచ్1 రిసెప్టర్‌ను నిద్రాణస్థితిలో పట్టి ఉంచుతాయి. హిస్టమిన్ అప్పటికే వచ్చి అతుక్కుని, నాళాల్లోంచి నీరు కారిపోయాక వేసుకున్న మాత్ర ఆ నీటిని వెనక్కి తీసుకురాలేదు, కొత్తగా కారకుండా మాత్రమే ఆపుతుంది. అందుకే తుమ్ములు వచ్చిన ప్రతిసారీ ఒక మాత్ర చొప్పున వేసుకునేవారికన్నా, అలర్జీ కాలమంతా రోజూ ఒకే వేళకు వేసుకునేవారికి మేలు ఎక్కువ.

## మాత్రా, ముక్కు స్ప్రేనా, కంటి చుక్కలా?

ముక్కు దిబ్బడ ప్రధానమైన బాధ అయితే ఏ మాత్ర వేసినా నిరాశే మిగలవచ్చు. అలర్జీ మొదలైన కొన్ని గంటలకు ముక్కు పొరల్లోకి ఇతర కణాలు చేరి, లూకోట్రయీన్ల వంటి రసాయనాలు వాపును కొనసాగిస్తాయి. ఆ దశలో హిస్టమిన్ వాటా తక్కువ. ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు ఈ మొత్తం వ్యవహారాన్నే అణచివేస్తాయి కాబట్టి, ముక్కు దిబ్బడ తగ్గించడంలో మాత్రలకన్నా అవే మెరుగు. స్టెరాయిడ్ అన్న పేరు విని భయపడేవారు చాలామంది ఉంటారు గానీ, ముక్కులో కొట్టుకునే ఈ మందుల్లో రక్తంలోకి చేరేది అత్యల్పం. చిక్కల్లా ఓపికతోనే: పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు, రెండు రోజులు కొట్టి మానేస్తే ఏమీ తెలియదు. కొట్టేటప్పుడు కుడి రంధ్రానికి ఎడమచేతినీ, ఎడమ రంధ్రానికి కుడిచేతినీ వాడితే మందు మధ్య గోడను తాకకుండా బయటి వైపుకు పడుతుంది, ముక్కునుంచి రక్తం రావడం తగ్గుతుంది.

వెంటనే ఉపశమనం కావలసినవారికి ఎజెలాస్టిన్ స్ప్రే ఉంది. ఇది ముక్కులోనే పనిచేసే హిస్టమిన్ నిరోధకం, పావుగంటలో మొదలవుతుంది. తల వెనక్కి వాల్చి కొట్టుకుంటే గొంతులోకి జారి భరించలేని చేదు తగులుతుంది. స్టెరాయిడ్, ఎజెలాస్టిన్ రెండూ కలిసిన స్ప్రేలు కూడా ఉన్నాయి, ఒక్కదానితో అదుపుకాని వారికి అవి పనికొస్తాయి. ఆక్సీమెటజోలిన్ వంటి దిబ్బడ స్ప్రేలు హిస్టమిన్ జోలికే పోవు. మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడితే అవే కొత్త దిబ్బడను తెచ్చిపెడతాయి.

కళ్ళకే పరిమితమైన దురదకు ఒలోపటడిన్, కీటోటిఫెన్ చుక్కలు మాత్రకన్నా వేగంగా పనిచేస్తాయి, ఇవి హెచ్1ను అడ్డుకోవడంతో పాటు మాస్ట్ కణాలు చిట్లకుండా కూడా చూస్తాయి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు చుక్కలు వేసుకున్నాక కనీసం పది నిమిషాలు ఆగాలి.

## కడుపు సంగతి: హెచ్2 నిరోధకాలు

పాత యాంటీహిస్టమిన్లు, అంటే హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు, ఎంత వాడినా జీర్ణాశయ ఆమ్లం తగ్గకపోవడం శాస్త్రవేత్తలకు ఒక చిక్కుముడిగా ఉండేది. హిస్టమిన్‌కు రెండో రకం రిసెప్టర్ ఉండి తీరాలని భావించి దానికి తగిన నిరోధకాన్ని వెతికిన జేమ్స్ బ్లాక్ బృందం 1972లో బురిమమైడ్‌నూ, తరువాత సిమెటిడిన్‌నూ తెచ్చింది. 1988లో ఆయన నోబెల్ అందుకున్నారు. అలర్జీ మాత్ర ఛాతీలో మంటకు ఎందుకు పనికిరాదో, ఎసిడిటీ మాత్ర తుమ్ములకు ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఈ ఒక్క కథ చాలు.

ఈ జాతిలో నేటి ఎంపిక ఆచరణలో ఫామోటిడిన్ ఒక్కటే. సిమెటిడిన్ కాలేయంలోని ఎంజైములను అడ్డుకుని వార్ఫరిన్, ఫెనిటోయిన్, థియోఫిల్లిన్ వంటి మందులను ప్రమాదకర స్థాయికి పెంచగలదు, ఎక్కువకాలం వాడిన మగవారిలో రొమ్ములు పెరిగే అవకాశమూ ఉంది. రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కారకం కాగల కల్తీ పదార్థం నిలవలో పెరుగుతున్నట్టు తేలడంతో 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి తీసేయమని కోరింది.

అసలు సందేహం ఫామోటిడిన్‌కూ ఒమెప్రజోల్ జాతి మందులకూ మధ్య వస్తుంది. హిస్టమిన్ అనేది ఆమ్లపు పంపును కదిలించే మీటల్లో ఒకటి, ఒమెప్రజోల్ ఆ పంపునే మూసేస్తుంది. కనుక అల్సర్ మానడానికీ, అన్నవాహికలో పుండ్లు పడినప్పుడూ ఒమెప్రజోల్ జాతిదే పైచేయి. కాని దాన్ని తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, పూర్తి ప్రభావానికి కొన్ని రోజులు పడుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు గంటలో పని మొదలుపెట్టి పది పన్నెండు గంటలు నిలిచే ఫామోటిడిన్ 20 మిల్లీగ్రాములు చక్కగా సరిపోతుంది. దీన్ని రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో శరీరం అలవాటుపడి ఫలితం తగ్గుతుంది. కిడ్నీ జబ్బున్న వృద్ధుల్లో మోతాదు తగ్గించకపోతే మతి గందరగోళపడవచ్చు. మింగడం కష్టమవుతున్నా, మలం నల్లగా వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఈ మాత్రల మధ్య ఎంచుకుంటూ కూర్చోకూడదు, పరీక్ష చేయించుకోవాలి.

## ఎవరికి ఏది

వృద్ధులకు పాత తరం మాత్రలు వద్దనే వైద్య సంఘాల సలహా. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ ప్రచురించే బీర్స్ జాబితా వీటిని మానుకోవలసిన మందుల్లో చేర్చింది. ప్రోస్టేట్ పెరిగి మూత్రం ధార సన్నబడినవారూ, కంట్లో ఒత్తిడి పెరిగే ఇరుకు కోణపు గ్లాకోమా ఉన్నవారూ మరింత జాగ్రత్తగా ఉండాలి. తెలియకుండా ఇవి ఒంట్లోకి చేరే దారి జలుబు మాత్రలు: చాలా జలుబు, దగ్గు మందుల్లో క్లోర్‌ఫెనిరమిన్ కలిసే ఉంటుంది. అప్పటికే సెటిరిజిన్ వాడుతున్నవారు వాటిని కూడా వేసుకుంటే రెండు యాంటీహిస్టమిన్లు పడినట్టే.

కిడ్నీ పనితీరు తగ్గినవారికి సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ మోతాదు తగ్గించాలి, కిడ్నీ పూర్తిగా దెబ్బతిన్న దశలో లెవోసెటిరిజిన్ వాడకూడదు. లోరటడిన్‌కూ ఫెక్సోఫెనడిన్‌కూ కూడా కిడ్నీ బాగా దెబ్బతింటే మోతాదు మార్పు ఉంటుంది. కాలేయం బలహీనమైనవారికి ఫెక్సోఫెనడిన్ నిశ్చింత. గర్భిణుల్లో ఎక్కువకాలంగా వాడిన అనుభవం ఉన్నవి లోరటడిన్, సెటిరిజిన్. పాలిచ్చే తల్లులు మత్తు మందులు వాడితే బిడ్డకు కూడా మగత రావచ్చు.

పిల్లల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ప్రయాణంలో పిల్లవాడు పడుకుంటాడని ప్రోమెథజిన్ సిరప్ పట్టడం తగదు. రెండేళ్ళలోపు పిల్లల్లో అది శ్వాసను ప్రాణాంతకంగా అణచివేయగలదని మందు పెట్టె మీదే హెచ్చరిక ఉంటుంది. కొందరు పిల్లల్లో పాత తరం మందులు నిద్రకు బదులు విపరీతమైన అలజడి పుట్టిస్తాయి. ఏ మందైనా వయసును, బరువును బట్టి వైద్యుడు రాసినదే ఇవ్వాలి.

ఆరు వారాలు దాటినా దద్దుర్లు ఆగనివారి లెక్క వేరు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం వారికి మొదట కొత్త తరం మాత్రను మామూలు మోతాదులో రోజూ ఇస్తారు, చాలకపోతే వైద్యుడి పర్యవేక్షణలో నాలుగు రెట్లదాకా పెంచుతారు, అప్పటికీ లొంగకపోతే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌కు వెళతారు. రెండు వేర్వేరు మాత్రలను కలిపి వేయడంకన్నా ఒకదాన్నే పెంచడం మేలన్నది అక్కడి సూత్రం. ఈ పెంపు సొంతంగా చేసుకునేది కాదు.

లెవోసెటిరిజిన్‌తో మాంటెలూకాస్ట్ (లూకోట్రయీన్లను అడ్డుకునే మందు) కలిపిన మాత్రలు వాడేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటుంది. ఆందోళన, పీడకలలు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వంటి మానసిక మార్పుల గురించి 2020లో అమెరికా నియంత్రణ సంస్థ మాంటెలూకాస్ట్ మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను పెట్టింది, ముక్కు అలర్జీకి ఇతర మందులు పనిచేయనివారికే దాన్ని పరిమితం చేయమంది. ఒక్క తుమ్ముల కోసం ఈ జంట మాత్రతో మొదలుపెట్టడం అనవసరం.

## ఏ యాంటీహిస్టమినూ సరిపోని చోట్లు

దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, వాంతులు ఉంటే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాంతకమైన అలర్జీ దాడి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. మాత్ర వేసి చూద్దామని ఆగితే దురద తగ్గినట్టే కనబడుతూ రక్తపోటు పడిపోతుంది, ఎందుకంటే ఆ దాడిలో హిస్టమిన్ ఒక్కటే లేదు, మందు పనిచేయడానికి పట్టే సమయమూ అక్కడ ఉండదు. ఆస్తమాకు కూడా ఇవి చికిత్స కావు. మామూలు జలుబులో కొత్త తరం మాత్రలు ముక్కు కారడాన్ని పెద్దగా ఆపవు. పాతవి కాస్త ఆరబెడతాయి గాని, అది హిస్టమిన్‌ను కాక ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకోవడం వల్ల వచ్చే ఫలితం.

## మొదలుపెట్టాక, మానేటప్పుడు

ఏ మాత్ర ఎంచుకున్నా రోజూ ఒకే వేళకు వారం, పది రోజులు వాడి చూసి, చాలకపోతే వేరే వంశపు మాత్రకో స్ప్రేకో మారడం సరైన పద్ధతి. మొదటి మోతాదును బండి నడపనవసరం లేని సాయంత్రం వేసుకోవడం మంచిది. మద్యం ఏ తరం మందుతోనైనా మత్తును పెంచగలదు.

సెటిరిజిన్‌ను గాని లెవోసెటిరిజిన్‌ను గాని నెలలు, ఏళ్ళ తరబడి రోజూ వాడి హఠాత్తుగా మానినవారిలో అరుదుగా ఒళ్ళంతా తీవ్రమైన దురద రావచ్చని 2025లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మానిన కొద్ది రోజుల్లో మొదలయ్యే ఆ దురదను అలర్జీ తిరగబెట్టిందని పొరపడి మళ్ళీ ఏళ్ళపాటు మాత్ర మీదే ఉండిపోయేవారు ఉంటారు. అలాంటివారు వైద్యుడి సలహాతో మళ్ళీ మొదలుపెట్టి, మోతాదును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. అలర్జీ దేనివల్ల వస్తోందో తేల్చే చర్మ పరీక్షకు వెళ్ళేవారు మాత్రం సుమారు వారం ముందే ఈ మాత్రలను ఆపాలి, లేకపోతే చర్మం స్పందించదు, అలర్జీ ఉన్నా లేనట్టే ఫలితం వస్తుంది. ముక్కు స్టెరాయిడ్ స్ప్రేను ఆ పరీక్ష కోసం మానవలసిన పని లేదు.